మేడ నడిచిన ఏడాది

వైశాఖ పౌర్ణమి

ఈ మేడను మళ్ళీ విప్పబోయే మనిషికి నూకరత్నం రాస్తున్నది. నువ్వు ఆడో మగో, ఇంకా పుట్టావో లేదో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. సముద్రం ఊరుకోదు, కాబట్టి ఏదో ఒక రోజు నువ్వు రాక తప్పదు.

ఇవాళ పోటుకి నీళ్ళు మేడ మొదటి మెట్టుని తడిపి వెళ్ళాయి. అది చూసి ఊరి పెద్ద సూరన్న మామ తిన్నగా నేను నడిపే కాంక్రీటు మర దగ్గరికి వచ్చి, "ఇంక ఆగకూడదమ్మా. మేడని నడిపించెయ్యాలి," అన్నాడు. చేతిలో టీ గ్లాసు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి ఎగిరి గంతేశాను. టీ అంతా ఆయన పంచె మీద పడింది. ఆయన తిట్టాడు, నేను నవ్వాను, ఆయన కూడా నవ్వాడు.

మా నడకూరులో ఇల్లు కట్టడం అనరు, నడిపించడం అంటారు. సముద్రం ముందుకొచ్చే కొద్దీ ముందు వీధి ఇళ్ళు విప్పుతాం, మరలో వేస్తాం, వచ్చిన ఇసుక, కంకర, సిమెంటు, ఊచలతో ఊరి వెనకాల కొత్త వీధి లేపుతాం. నది ఇసుక నేను బొమ్మల్లోనే చూశాను. కొండరాయి ముట్టుకుంటే జైలు. మా తాత ఇంటి ఇసుకే మా ఇంట్లో ఉంది, రేపు అదే నా మనవల ఇంట్లో ఉంటుంది. ఇళ్ళు నడిపించడం నాకు కొట్టిన పిండి. కానీ మేడ సంగతి వేరు. తుఫాను వస్తే ఊరంతా ఎక్కి కూర్చునేది అందులోనే. అది కిందటిసారి నడిచింది నేను పుట్టకముందు. నేను పుట్టింది దాని పైఅంతస్తులోనే, బయట గాలి రేకులు లేపుకుపోతుంటే. మా ఊళ్ళో సగం మంది అలా తుఫానులకి పుట్టినవాళ్ళే.

అప్పట్లో మర నడిపినాయన మేడని నడిపించి, వెనకవాళ్ళ కోసం ఒకే ఒక్క వాక్యం రాసి పోయాడు: "మేడను జాగ్రత్తగా తరలించడమైనది." ఎలా తరలించావయ్యా మహానుభావా, ఏది కుదిరింది, ఏది బెడిసికొట్టింది? ఒక్క ముక్క లేదు. ఆ కోపంతోనే నేను అన్నీ రాయదలుచుకున్నాను, నా తిట్లతో సహా.

జిల్లా వాళ్ళ మాట కూడా రాసి పెడుతున్నాను. ఆశ్వయుజం వచ్చేసరికి కొత్త మేడ నిలబడాలి. లేకపోతే తుఫానుల ముందే ఊరు ఖాళీ చేయించి, ఎగువన శిబిరాల్లో తలా ఒక చోట పడేస్తారు. అలా వెళ్ళిన పక్క ఊరు మళ్ళీ ఊరు కాలేదు. భయంగానే ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా చేతులు దురద పెడుతున్నాయి.

వైశాఖ బహుళ సప్తమి

వేట నిషేధం రోజులు కాబట్టి మగవాళ్ళంతా ఖాళీ. తీగ రంపాలతో పైఅంతస్తు కోత మొదలైంది. కాంక్రీటు ముక్క తెగి తాడు మీద కిందికి దిగుతుంటే పిల్లలు ఈలలు వేస్తున్నారు. నేనూ వేశాను. నలభై దాటిన మనిషిని, ఈల వేస్తే తప్పేమిటి?

ముక్కలు నా దొడ్లోకి రాగానే అప్పగింతలు. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు అప్పగించినట్టే, మా ఊళ్ళో ఇంటి ముక్కని మరకి పంపేముందు ఆ ఇంటివాళ్ళు దాని మీద ముగ్గేసి, పసుపు కుంకుమలు పెట్టి, ఎక్కడికి వెళ్తోందో దానికి చెబుతారు. మామూలు ఇంటికైతే గడప మీద చిన్న ముగ్గు, రెండు మాటలు, అయిపోయింది. మేడకి ఇంటివాళ్ళంటూ ఎవరు? ఊరంతా!

అందుకని ఊరంతా వచ్చింది. వీధికో గుంపు, గుంపుకో ముగ్గు. సముద్రం వీధి వాళ్ళు పద్మం వేస్తే, వెనక వీధి వాళ్ళు రథం వేశారు. వాళ్ళ రథానికి తాడు చాలలేదని వీళ్ళు వెక్కిరించారు. అందరికీ పైన మాలచ్చమ్మత్త. వరసకి నాకు అత్త, సముద్రం వీధి చివరి ఇల్లు ఆవిడదే. డెబ్భై ఏళ్ళ మనిషి నడుం వంచి చెయ్యి ఆడించిందంటే గీత వణకదు. ఒక్కో ముక్క దగ్గరికి వెళ్ళి, "వెనక్కెల్తన్నావు తల్లీ, దిబ్బ మీదకి. కంగారు పడకు. మేం కూడా ఒచ్చేత్తాం," అని చెబుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడకుండా తుడుచుకున్నాను.

ఒక మూల దొడ్డి గోడల కుప్ప ఉంది. అంటే మేడ మరుగుదొడ్ల గోడలు. దాని వైపు ఎవరూ చూడలేదు.

"మరి వీటికి ఎవరేత్తారు అత్తా?" అన్నాను.

"ఛీ, నోర్ముయ్యే! దొడ్డి గోడలకి ముగ్గేంటే?" అంది ముక్కు మూసుకుని. నీళ్ళు పోసి కడిగి, ఎండకి ఎండి, ఏ వాసనా లేదు. అయినా అలవాటు అలవాటే.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

ఇవాళ తొలి తొట్టి తెరిచాం. ఇమ్మానియేలు సంగతి చెప్పాలి నీకు. నా మరలో చెదలని సాకేది అతనే. చెద అంటే కర్రని తినే చెద కాదు, గట్టిపడిన సిమెంటుని తినే సూక్ష్మజీవి. తొట్టిలో నీళ్ళు పోసి చెదని వదిలి కాంక్రీటు ముక్క దించితే, కొన్నాళ్ళకి ఇసుక ఇసుకగా, కంకర కంకరగా, ఊచ ఊచగా విడిపోతాయి. సిమెంటు మెత్తటి బురదై అడుగున పేరుకుంటుంది. ఆ బురదని ఎండ కొలిమిలో కాలిస్తే మళ్ళీ సిమెంటు. నీ కాలానికి ఇంకేం వచ్చిందో గాని, మా పద్ధతి ఇది.

ఇమ్మానియేలు వాటికి నూకల పిండి చల్లుతూ, పాటలు పాడుతూ, పేర్లు పెట్టి పిలుస్తాడు. కంటికి కనబడని వాటికి పేర్లేమిట్రా అంటే, "కనబడనోళ్ళకే పేర్లు కావాలక్కా," అంటాడు.

తొట్టి అడుగు నుంచి తేరిన ఇసుక దోసిట్లోకి తీసుకున్నాను. నేను పుట్టిన గది ఇసుక! అరిచేశాను. ఇమ్మానియేలు నా చుట్టూ గెంతాడు.

మంచినీళ్ళు మాకు బంగారం. అందుకని దొడ్లో పడిన ప్రతి చుక్కా కాలవ గుండా తొట్ల గుంటలోకే చేరేలా నేనే కట్టించాను. తొట్టి నీళ్ళే మళ్ళీ తొట్టికి వాడతాం.

మధ్యాహ్నం మాలచ్చమ్మత్త ముగ్గుపిండి అయిపోయిందని కబురు పంపింది. ముక్కలు మర ఎక్కే దాకా రోజూ పొద్దున్నే వచ్చి వాటిని ఊడ్చి కొత్త ముగ్గు వేస్తున్నారు ఆడవాళ్ళు. వాకిలి బోసిగా ఉండకూడదట. పాత బడి విప్పినప్పుడు బోలెడు జిప్సం పలకలు వచ్చాయి, పైకప్పు కింద బిగించేవి. అవి కాంక్రీటులో కలిస్తే కొంప ముంచుతాయని గేటు దగ్గరే ఏరించేస్తాను. వాటిని పారెయ్యకుండా మెత్తగా పట్టించి ఊరందరికీ ముగ్గుపిండిగా పంచే ఆలోచన నాదే. మల్లెపూవులా ఉంటుంది, చెయ్యి జారదు. మరో నాలుగు బస్తాలు పంపించాను.

ఆషాఢ శుద్ధ దశమి

రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా కట్టుబాటు ఏమిటంటే, ఏ భాగం నుంచి వచ్చిన సరుకుతో ఆ భాగానికి ఒక దిమ్మ పోసి నీళ్ళలో నానేస్తాం. వారం తిరిగేసరికి దిమ్మ చెక్కు చెదరకుండా ఉంటేనే అసలు పోత మొదలు. మేడ దిమ్మలు ఇవాళ పైకి తీశాను. పండి పగిలిన దోసపండులా బీటలు. వేలు పెట్టి గీకితే పొరలు ఊడి వస్తున్నాయి. ఒకటి కాదు, వరసగా అన్నీ.

కోపం వస్తే నాకు కళ్ళు కనబడవు. ఇమ్మానియేలుని పిలిచి, "నీ చెదలకి రోగం వచ్చింది, చూసుకోవేంటి? పాటలు పాడుకుంటా కూచున్నావు!" అని అందరి ముందూ అరిచాను.

అతని మొహం మాడిపోయింది. "నన్నంటే అను అక్కా. చెదలని అనకు," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సూరన్న మామ దిమ్మని చేత్తో పట్టుకుని గోటితో గీకి చూశాడు. "ఆశ్వయుజానికి అవుద్దా?" అన్నాడు. అవుతుందన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆషాఢ బహుళ విదియ

తొట్లకి నేనే తిండి వేశాను. ఎంత వెయ్యాలో తెలియక గంపెడు పిండి పోశాను. నురగ పొంగి దొడ్డంతా పారింది. కాలు జారి అందులో కూర్చున్నాను. అది చూసి గోడ అవతల ఎవరో నవ్వారు. ఇమ్మానియేలే. వెళ్ళిపోయినట్టే వెళ్ళి రోజూ గోడ మీంచి తొట్లని చూసుకుంటున్నాడు పుణ్యాత్ముడు.

పులస చేప మా కాలంలో దొరకదు గనక పండుగప్ప పులుసు వండుకుని వాళ్ళింటికి వెళ్ళాను. "తప్పైపోయింది రా తమ్ముడూ," అన్నాను. అతను పులుసు వేలితో నాకి, "ఉప్పెక్కువైంది," అన్నాడు. అంటే క్షమించాడన్నమాట.

వస్తూ వస్తూ ఒక సీసా తెచ్చాడు. అందులో మందు చుక్క వేస్తే జిప్సం ఉన్న నీళ్ళు పాలలా తెల్లబడతాయి. గ్లాసులోకి గుంట నీళ్ళు ముంచి ఒక్క చుక్క వేశాడు. తెల్లగా అయిపోయాయి.

"నా చెదలకేం రోగం లేదక్కా. నీ గేటు దాటి జిప్సం ఒచ్చేసింది. అదే సిమెంటు బురదలో చేరి, గట్టిపడ్డాక ఉబ్బేత్తంది."

నా గేటు దాటి జిప్సమా! ఈ మాట ఇంకెవరైనా అంటే పళ్ళు రాలగొట్టేదాన్ని. ఒక్క పలక ముక్క, గోరంతది కూడా, నేను లోపలికి రానివ్వను. అయినా అప్పట్నుంచి చీకటి పడే దాకా గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుని ప్రతి ముక్కనీ నేనే తిప్పి తిప్పి చూశాను. మేడ గోడల్లో జిప్సం లేదు. ఎక్కడా లేదు. మరి నీళ్ళలోకి ఎలా వచ్చింది?

ఆషాఢ అమావాస్య

ఇంకో వింత. పగిలిన దిమ్మలన్నీ పక్కన పెడుతుంటే తొట్టి అడుగున ఒకటి మిగిలింది. తీసి కొడితే ఖంగుమంది. ఒక్క బీట లేదు. సుత్తితో కొట్టాను, సుత్తి ఎగిరింది. ఏ భాగానిదా అని గుర్తు చూస్తే, దొడ్డి గోడలది!

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేము పుట్టిన గది పగిలింది, వంట చేసుకున్న వరండా పగిలింది, జెండా ఎగరేసిన డాబా పగిలింది. మరుగుదొడ్డి మాత్రం మహారాజులా ఉంది.

"వాసనకి జడిసి జిప్సం దాని దగ్గరికెళ్ళలేదేమో అక్కా," అన్నాడు ఇమ్మానియేలు. ఇద్దరం ఏడుపొచ్చే దాకా నవ్వాం. నవ్వు ఆగాక అతనికో సంగతి గుర్తొచ్చింది. దొడ్డి గోడలని మిగతావాటితో కలపడం ఇష్టం లేక విడిగా చిన్న తొట్టిలో వేశాడట. దాని నీళ్ళు గుంటలో కలవవు. అంటే చేటు గుంటలో ఉంది, లేదా గుంటలోకి వచ్చే దారిలో ఉంది. ఆ దారి పొడుగునా ఉన్నవి నా దొడ్డి, మేడ ముక్కలే.

శ్రావణ శుక్రవారం

దొరికింది! దొరికింది! దొరికింది!

తడి చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. పొద్దున్నే నేను దొడ్లోకి వచ్చేసరికి ఆడవాళ్ళంతా కొత్త చీరల్లో ఉన్నారు. శ్రావణ శుక్రవారం కదా, ప్రతి ముక్క మీదా ఆ చివర నుంచి ఈ చివర దాకా పెద్ద పెద్ద ముగ్గులు. దొడ్డంతా వెన్నెల పరిచినట్టుంది. అంతలో వాన. అందరూ రేకుల కిందికి పరిగెత్తారు. నేను కదలకుండా తడుస్తూ నిలబడిపోయాను.

మేడ ముక్కల మీంచి తెల్లటి నీళ్ళు జారుతున్నాయి. పాయలుగా కలుస్తున్నాయి. కాలవలోకి దిగుతున్నాయి. కాలవ తిన్నగా గుంటలోకి. ఒక్క దొడ్డి గోడల కుప్ప మీంచి మాత్రం నీళ్ళు తేటగా జారుతున్నాయి.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా బతుకు! గేటు దగ్గర పీట వేసుకుని గోరంత పలక కోసం కాపలా కాశాను. నేనే పట్టించి, నేనే బస్తాల్లో నింపి, నేనే ఇంటింటికీ పంచిన జిప్సం మాత్రం పళ్ళాల్లో పసుపు కుంకుమల పక్కన కూర్చుని దర్జాగా నా గేటు దాటి వచ్చింది. ఆ పళ్ళాలకి నేనే దారి ఇచ్చి దండం కూడా పెట్టాను.

పరిగెత్తుకెళ్ళి మాలచ్చమ్మత్త పళ్ళెంలోంచి పిడికెడు ముగ్గుపిండి తీసి ఇమ్మానియేలు గ్లాసులో వేశాను. మందు చుక్క. తెల్లగా పాలు!

"దీనికేమయ్యిందే, పిండి లాక్కుపోతంది!" అని అరుస్తోంది అత్త. నేను ఆవిడ రెండు బుగ్గలూ పట్టుకుని ఊపాను.

శ్రావణ బహుళ తదియ

సంతోషం సగం రోజే. కూర్చుని లెక్కేసుకుంటే పరిస్థితి ఇదీ. ఇసుకా కంకరా కడిగితే బాగుపడతాయి, వానాకాలం కాబట్టి నీళ్ళకి లోటు లేదు. మర ఎక్కని ముక్కల మీద ముగ్గు కూడా కడిగేయొచ్చు. వేసిన చేతులే కొబ్బరి పీచు పట్టుకుని రుద్దుతున్నాయి, వీధికో గుంపుగా, మళ్ళీ పోటీ. కానీ ఇప్పటిదాకా తీసిన సిమెంటు బురదంతా పాడైనట్టే. దాన్ని రొయ్యల చెరువుల గట్లకి పంపిస్తున్నాను. ఆ లోటు తీరాలంటే వచ్చే ఏడాది విప్పాల్సిన సముద్రం వీధి ఇళ్ళు ఈ ఏడే విప్పాలి, ఆ ముక్కల మీద ముగ్గు పడకూడదు.

వీధంతా ఒప్పుకుంది, ఒక్క ఇల్లు తప్ప.

మాలచ్చమ్మత్త గడప మీద అడ్డంగా కూర్చుంది. "నా ముగ్గు వల్లే మేడ పగిలిందన్నావు. ఊరందరి ముందూ నా పిండి గుంజుకుని ఎగిరావు. ఇప్పుడు నా ఇల్లు కావాలా?"

"నీ ముగ్గు వల్ల కాదత్తా. నా పిండి వల్ల."

"ఏదో ఒకటి. ఇల్లు ఇత్తానే, నాకేం, అది ఎప్పుడైనా ఎల్లాల్సిందే. కానీ ముగ్గు లేకుండా, బోసి నుదుటితో అప్పగించమంటే మాత్రం నా వల్ల కాదు. నా పెళ్ళైన కాడ్నుంచి ఈ వాకిలి ఒక్క పూట బోసిగా లేదు. నన్ను సంపేసినా ఒప్పుకోను."

ఆవిడ చెప్పింది తప్పని అనిపించలేదు, అదే బాధ. ఆశ్వయుజం ముంచుకొస్తోంది, సూరన్న మామ నా వైపు చూస్తున్నాడు, జిల్లా వాళ్ళు శిబిరాలు ఊడ్పిస్తున్నారని వార్త వచ్చింది. కోపం తెచ్చుకుందామనుకుంటే కోపం కూడా రాలేదు.

అప్పుడు ఇమ్మానియేలు చంకలో డబ్బాతో వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. వాళ్ళింట్లో ముగ్గులు వెయ్యరు. మూత తీశాడు. నూకల పిండి.

"ఇది నా చెదల తిండి అమ్మమ్మా. తొట్టిలో నేను చల్లే బదులు, ముక్క మీద నువ్వే ముగ్గెయ్యి. ముక్కతో పాటే తొట్టిలోకి దిగుద్ది, అయ్యే తినేత్తాయి."

అత్త చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. "బరకగా ఉంది," అంది. ఇంకో చిటికెడు తీసింది. గడప పక్కన ఒక గీత లాగింది. గీత కొంచెం కూడా వణకలేదు.

"మా నాయనమ్మ బియ్యప్పిండితోనే ఏసేదిరా. చీమలు తింటాయని. ఈ తెల్ల పిండి ఒచ్చాక మేమే మానేశాం," అంది. చేతులు దులుపుకుని, "అప్పుడు చీమలకి, ఇప్పుడు చెదలకి. సరే, రంపం తెచ్చుకోండి. కానీ ఒక్క మాట. మా వంటింటి గోడలు పైఅంతస్తుకే ఎల్లాలి. కింద పెట్టి జనం చేత తొక్కిత్తే ఊరుకోను," అంది.

మాట ఇచ్చాను. ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి అప్పగింతలు జరిగాయి. ఆవిడ ఏడవలేదు, నేను ఏడ్చాను.

భాద్రపద పౌర్ణమి

చెదలకి పండగ! ముగ్గుల మీద ముగ్గులు తిని అవి ఎంత చురుగ్గా ఉన్నాయంటే, తొట్లు అనుకున్న దానికంటే ముందే తేరుతున్నాయి. ఇమ్మానియేలు పిండి చల్లడం మానేసి పాటలు మాత్రం పాడుతున్నాడు. గుంట నీళ్ళలో మందు చుక్క వేస్తే తేటగా ఉంటున్నాయి. కొత్త దిమ్మలు ఖంగుమంటున్నాయి. దిబ్బ మీద స్తంభాలు లేచాయి. పొద్దున లేచి వాటిని చూడకుండా నేను టీ తాగడం లేదు.

పైఅంతస్తు నడిమి స్తంభం దగ్గర చిన్న గొడవైంది. బరువంతా దాని మీదే. అన్నిటికన్నా ఎక్కువ రోజులు నీళ్ళలో నాని నిలిచిన సరుకే అక్కడ పొయ్యాలన్నాను. అంటే దొడ్డి గోడలది.

సూరన్న మామ చెవులు మూసుకున్నాడు. "తుఫానులో జనం కావిలించుకునే స్తంభమమ్మా అది! దండాలు పెడతారు దానికి!"

"పెట్టనీ మామా. పడిపోయే వంటిల్లు కన్నా నిలబడే దొడ్డి నయం."

ఆయన ఇమ్మానియేలు వైపు చూశాడు. ఇమ్మానియేలు ఆకాశం వైపు చూశాడు. చివరికి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఒప్పుకున్నాడు. మాలచ్చమ్మత్త వంటిల్లు పక్క స్తంభంలో ఉంది. అదీ గట్టిదే, మాట తప్పలేదు నేను.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

జిల్లా వాళ్ళు వచ్చారు. దిమ్మలు కొట్టి చూశారు, స్తంభాల మీద యంత్రాలు పెట్టి విన్నారు. యంత్రం పట్టుకున్న చిన్నమ్మాయి మొహంలో ఏమీ కనబడక, ఆమె వెనకాలే స్తంభం స్తంభానికీ తిరిగాను. చివరికి, "ఈ నడిమి స్తంభానికి ఏం వాడారండీ? ఇంత బలమైనది నేనెక్కడా చూళ్ళేదు," అంది. సూరన్న మామకి దగ్గు తెర వచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

ఊరు ఖాళీ చెయ్యక్కర్లేదు! నడకూరు నడకూరులోనే ఉంటుంది! ఈల వేశాను. ఈసారి మాలచ్చమ్మత్త కూడా ప్రయత్నించింది, పళ్ళు లేక గాలే వచ్చింది.

ఆశ్వయుజ బహుళ చవితి

కొత్త మేడ పైఅంతస్తు నుంచి రాస్తున్నాను. పొద్దున్నుంచి తుఫాను. మిట్టమధ్యాహ్నం కూడా సందె చీకటిలా ఉంది. ఊరంతా ఇక్కడే ఉంది, కోళ్ళతో, వలలతో, అన్నం గిన్నెలతో. కిటికీలోంచి చూస్తే పాత మేడ మిగిలిన మెట్లు కనబడటం లేదు. సముద్రం వీధి ఉన్న చోట అలలు విరుగుతున్నాయి. ఆ ఇళ్ళు ఈ ఏడు విప్పకపోయి ఉంటే ఇవాళ అలల పాలయ్యేవి. అవన్నీ ఇప్పుడు మా చుట్టూ, మా నెత్తి మీదా ఉన్నాయి. గాలి కొడుతుంటే మేడ ఉఁ అంటోంది కానీ కదలడం లేదు. నాకు భయంగా లేదు. ఇంత గర్వంగా నేను ఎప్పుడూ లేను.

జనం ఎవరి గోడ ఎక్కడుందో వెతుక్కుని దానికే ఆనుకుంటున్నారు. మాలచ్చమ్మత్త మాత్రం తిన్నగా వెళ్ళి నడిమి స్తంభానికి చేరగిలబడి, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. ఇమ్మానియేలు నా వైపు చూశాడు. ఆవిడ పెద్ద మనిషి, ఇల్లు ఇచ్చిన మనిషి. ఒట్టు సంగతి పక్కన పెట్టి ఆవిడ చెవి దగ్గరికి వంగాను.

"అత్తా, మీ వంటిల్లు ఇది కాదు. ఆ పక్కది. ఇది... ఇది ఆ..."

"దొడ్డి గోడలు," అంది ఆవిడ. "తెలుసే. పోత పోసిన రోజునే తెలుసు. ఊరందరి ముక్కలూ అప్పగించిన దాన్ని, ఏ ముక్క ఎక్కడికెల్లిందో నాకు తెల్దా? నా వంటిల్లు బానే ఉంది, చూసే వచ్చాను. దీని దగ్గరే ఎవరూ కూచోలేదు, అందుకొచ్చాను."

గాలి ఒక్కసారి విసిరి కొట్టింది. పిల్లలు కెవ్వుమన్నారు. స్తంభం చలించలేదు. అత్త దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టింది. తర్వాత కొంగు ముడి విప్పి, చిటికెడు బియ్యప్పిండి తీసి, దాని పాదం దగ్గర నాలుగు చుక్కలు పెట్టి కలిపింది. మేడ ముక్కలన్నిటిలోకీ ముగ్గు పడనిది ఇదొక్కటే. ఆవిడ స్తంభానికి చెంప ఆనించి, నాకు కూడా వినబడేలా చెప్పింది.

"ఎక్కడికెల్తన్నావో నీకెవరం చెప్పలేదు తల్లీ. నడకూరు మేడ పైకే ఒచ్చావు. ఇక్కడే ఉండు."

నీళ్ళకి జడిసి చీమలు కూడా పైకి వచ్చేసినట్టున్నాయి. అప్పుడే ఆ నాలుగు చుక్కల దగ్గర వరస కట్టాయి. నువ్వొచ్చి ఈ మేడని విప్పేటప్పుడు, తొలి ముగ్గు ఈ స్తంభానికే వెయ్యి. బియ్యప్పిండితో.